పిట్టలు సద్దుమణిగేదాకా

పిట్టలు ఇంకా అరుస్తున్నాయి. అరవనీ. అవి అరిచినంతసేపూ నాటకం మొదలవదు, నాటకం మొదలవనంతసేపూ తాను ఏదీ తేల్చుకోనక్కర్లేదు, అనుకున్నాడు దింకో మర్దెషిచ్, ఒకప్పుడు ఆలివ్ నూనె పీపాలు దాచిన రాతి గదిలో అద్దం ముందు కూర్చుని, సగం ముఖానికి రంగు పూసుకుని, మిగతా సగం తనదిగానే ఉంచుకుని. స్ప్లిట్ అనే ఈ రేవుపట్నంలో, పాత ఊరి గోడల్లో ఆ నల్లపిట్టలది ఎన్ని తరాల కాపురమో, వేసవి సాయంత్రాల్లో చౌకు మీద గిరగిరా తిరుగుతూ కొంపలంటుకున్నట్టు అరుస్తాయి, వెలుగు పూర్తిగా పోయాక ఎవరో కసిరినట్టు ఒక్కసారిగా గోడ కంతల్లో దూరి ఊరుకుంటాయి, అప్పుడే ఇక్కడ నటుడు నోరు తెరవాలి. టికెట్టు మీద ఏ వేళ అచ్చేసుకున్నా, ఆరుబయట నాటకాలాడే ఈ చౌకులో పిట్టల మాటే మాట. ఊరి నటులందరికీ ఇది తెలుసు, రాజధాని జాగ్రెబ్ నుంచి వచ్చినవాళ్ళే మొదటి రోజు వాటితో పోటీపడి గొంతు పోగొట్టుకుంటారు, రెండో రోజు నుంచి బుద్ధిగా కూర్చుంటారు. పొద్దున లుత్సియా కూడా అదే గడువు పెట్టింది. "పిట్టలు సద్దుమణిగేలోగా ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ. పెట్టుకుంటారా సరే. లేదంటే జనాన్ని ఇంటికి పంపేస్తాను. మీరు అంతమంది ముందు అవస్థపడుతుంటే నేను చూడలేను." అకాడమీలో తన క్లాసులో వెనక బెంచీ మీద యాపిల్ కొరుక్కుంటూ కూర్చున్న పిల్ల, ఇప్పుడు దర్శకురాలు, తనకే గడువులు పెడుతోంది. బాగానే నేర్పాను మరి, అనుకున్నాడు, కోపంతో కొంత, గర్వంతో కొంత.

అద్దం కింద పౌడరు డబ్బా పక్కన చిన్న పెట్టె, పెట్టెలో దూది, దూది మీద శనగగింజంత వస్తువు. నాటకాలవాళ్ళు దాన్ని పురుగు అంటారు. చెవిలో పెట్టుకుంటే బయటికి కనబడదు, గోడ వెనక కూర్చున్న మనిషి మైకులో గొణిగితే మరిచిపోయిన మాట చెవిలో పడుతుంది. ఇప్పుడు అందరూ వాడుతున్నదే మాస్టారూ, కళ్ళజోడు లాంటిదే అనుకోండి, అంది లుత్సియా. కళ్ళజోడట! కళ్ళజోడు పెట్టుకున్నవాడు తన కళ్ళతోనే చూస్తాడు, ఇది పెట్టుకున్నవాడు ఇంకొకరి బుర్రతో మాట్లాడతాడు. పాత రోజుల్లో మాట అందించేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. రంగస్థలం అంచున నేలలో గొయ్యి, గొయ్యి మీద చిన్న గూడు, గూట్లో తెరెజా అనే లావుపాటి పెద్దావిడ, ఒళ్ళో నాటకం ప్రతి, పక్కన ఎండు అంజూరపళ్ళ సంచి. ఆవిడ నిజంగా మాట అందించిన సందర్భాలు తక్కువ. నటుడు ఆగిపోతే గట్టిగా ఊపిరి పీల్చేది, ఆ చప్పుడుకే మాట గుర్తొచ్చేది, దాంతోపాటు అంజూరపు వాసన కూడా పైకి వచ్చేది. దింకో మటుకు ఆ ఊపిరి ఎన్నడూ వాడుకోలేదు. దింకో ఉన్న రోజున నాకు పనేముంది, స్వెట్టర్ అల్లుకుంటాను, అని తెరెజా అందరి ముందూ అనేది. అలా అల్లిన స్వెట్టర్‌ని ఒక క్రిస్మస్‌కి అతనికే ఇచ్చింది. మోచేతుల దగ్గర చిరిగినా ఇంకా ఇంట్లో ఉంది అది. ఇన్నాళ్ళూ చలికాలంలో తొడుక్కుంటూనే ఉన్నాడు.

మరి నిన్న ఏమైంది? నిన్నటి సంగతి తలుచుకోకూడదనుకున్నకొద్దీ అదే వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. ఈ నాటకంలో అతను ఎప్పుడో ఓడ దిగిపోయిన ముసలి కెప్టెన్, ఎన్నో ఏళ్ళుగా తనకు జోడీగా ఆడుతున్న స్మిల్యా ఆ కెప్టెన్ భార్య. రేపు మళ్ళీ ఓడెక్కుతున్నానని కెప్టెన్ నమ్ముతాడు, పెట్టె సర్దమంటాడు. ఓడ లేదని భార్యకు తెలుసు, అయినా చొక్కాలు మడతపెడుతూనే ఉంటుంది. నాటకమంతా అంతే, ఒక పెట్టె, రెండు ముసలి ప్రాణాలు. నిన్న చివరి రిహార్సల్లో, రెండో అంకంలో, స్మిల్యా ఎప్పటిలాగే "తలుపు వేసెయ్యనా?" అంది. "ఉండనీ, గాలే వేస్తుంది" అనాలి అతను. అతని నోరు మాత్రం "వేస్తే వెయ్యి, కిటికీ తీసి ఉంచు, నేను అటునుంచి వస్తా" అంది. స్మిల్యా రెప్ప వెయ్యలేదు. "వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని రా, మా నాన్న చెవులు కుక్క చెవులు" అంది. "మీ నాన్న కుక్కయితే నేను పిల్లిని." "పిల్లివైతే పాలు తాగిపో, నా జోలికి రాకు." అలా సాగిపోయింది, గుక్కతిప్పుకోకుండా, ఒకదాని వెనక ఒకటి. లైట్లవాళ్ళు నవ్వారు, లుత్సియా చప్పట్లు కొట్టింది, అప్పటికప్పుడు కల్పించి ఆడుతున్నారనుకుంది పాపం. అతనికి తెలియలేదు. అది నలభై ఏళ్ళ కిందటి నాటకం అని, తాను అందులో పడుచు నావికుడని, స్మిల్యా పక్కింటి పిల్ల అని, ఇది ఆ నాటకం కాదని, ఏదీ తెలియలేదు. హాయిగా ఉంది, గాలి తేలిగ్గా ఉంది, మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఆ చోట నావికుడు కిటికీ మీదికి ఎగిరి కూర్చోవాలి. ఎగరబోయాడు. మోకాలు ఒప్పుకోలేదు. ఆ మోకాలే చెప్పింది, ఏమయ్యా, నీ వయసెంత, నువ్వున్న నాటకమేది అని. అప్పుడు వేసింది భయం, కాళ్ళలోంచి పైకి, మంచునీళ్ళలో దిగినట్టు. మాట మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఏ నాటకంలో ఉన్నాడో మరిచిపోవడం వేరు. పైగా స్మిల్యా ఎందుకు తనతో వచ్చింది? తాను దారి తప్పాడని చూసి, పరువు కాపాడదామని, జాలిపడి వెంట వచ్చిందా? రాత్రంతా అదే ఆలోచన. ఎవరు జాలిపడినా ఫర్వాలేదు, స్మిల్యా జాలిపడకూడదు.

"ఏమయ్యా బెపో! ఉత్తరాలేవైనా ఉన్నాయా?" అని సందులోంచి కేక. ఎదుటి కాఫీ హోటలాయన, కుర్చీలు లోపలికి సర్దుకుంటూ, కిటికీ వైపు చూసి.

"ఉన్నాయి! అన్నీ మీ అత్తగారివే!" అన్నాడు దింకో, ఆలోచించకుండానే, ముక్కుతో. ఆయన విరగబడి నవ్వాడు. చూశావా, ఇది ఎక్కడికీ పోలేదు, పోదు, బెపో మాటలు సమాధిలోకి కూడా వెంట వస్తాయి.

బెపో ఒక పోస్టుమాన్. టీవీలో ఒకే ఒక్క చలికాలం వచ్చిన ధారావాహికలో, ఊరందరి ఉత్తరాలూ ఆవిరిపట్టి విప్పి చదివేసి, నచ్చని కబుర్లను తనే మార్చి చెప్పే పోస్టుమాన్. ఆ సాయంత్రాల్లో వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదంటారు. ఆ తర్వాత దింకో రాజులను ఆడాడు, హంతకులను ఆడాడు, నిలువెల్లా నల్లబట్టలతో పిచ్చివాళ్ళను ఆడాడు, ఒపెరాలు నడిపించాడు, అయినా ఈ దేశంలో చేపలమ్మే మనిషి దగ్గర్నుంచి మంత్రిగారి దాకా అతను బెపోనే. ఒకసారి జాగ్రెబ్‌లో, చచ్చిపోయిన కూతురిని చేతులమీద మోసుకుంటూ వచ్చే ముసలి రాజు వేషంలో, హాలంతా ఊపిరి బిగబట్టి ఉన్న క్షణంలో, పై వరసలోంచి ఎవరో "అయ్యో బెపో..." అన్నారు. వెక్కిరింపు కాదది, నిజంగానే ఏడుస్తూ అన్నారు. ఆ రాత్రి ఇంటికెళ్ళి పళ్ళాలు పగలగొట్టాలనిపించింది. నెవెంకా నవ్వింది. "రాజు కోసం ఎవరేడుస్తారు? బెపో కోసం ఏడ్చారు. నీకింకేం కావాలి?" అంది. భార్య అలా అంటే ఎదురుచెప్పడానికి ఏముంటుంది, పళ్ళాలు అలమరలోనే ఉండిపోయాయి.

గోడ రాళ్ళలోంచి పాత నూనె వాసన ఇంకా వస్తోంది. ఇలాంటిదే వాసన, కాస్త ఉప్పు కలిసినది, తాను పుట్టిన కొమిజాలో, ఇంటి కింద అరలో ఉండేది. దీవి అంచున సముద్రంలోకి కాళ్ళు చాపుకుని కూర్చున్న ఊరు, చేపలను డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ, అది కూత వేస్తే పొద్దున్నే ఆడవాళ్ళంతా ఏప్రాన్లు కట్టుకుంటూ పరుగు. అమ్మ చేతులు ఎన్నిసార్లు కడిగినా సార్డీన్ చేపల వాసనే. చిన్నప్పుడు చర్చి ఫాదర్‌ని అనుకరిస్తే అమ్మ కొట్టింది, ఊరి మీద పెత్తనం చేసే పార్టీ కమిసార్‌ని అనుకరిస్తే నాన్న కొట్టాడు, ఇద్దరూ తలుపు వేసి కిటికీలు మూసి, ఏదీ రెండోసారి చెయ్యరా, అని అడిగి నవ్వారు. ఇంతకంటే గొప్ప ప్రేక్షకులు మళ్ళీ దొరకలేదు. తర్వాత జాగ్రెబ్ అకాడమీ. నీ నోట్లోంచి ముందు ఆ వల తియ్యి, తర్వాత మాట్లాడు, అన్నాడు ఉచ్చారణ నేర్పే ఆయన. తీశాడు. పట్నం మాట నేర్చాడు, కొండ మాట నేర్చాడు, మైదానంలో పందులు పెంచేవాళ్ళ సాగతీత మాట నేర్చాడు. సెలవులకు ఇంటికి వెళ్తే రేవులో, అబ్బో, దొరగారొచ్చారు, దొరగారి నాలుక జాగ్రెబ్‌లో దిగబడిపోయిందటగా, అని పళ్ళికిలించారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గానీ, రచ్చ గెలిచాక ఇంట్లో మళ్ళీ మొదటినుంచీ ఆడాల్సి వస్తుందని ఎవరూ చెప్పరు.

అప్పుడే సినిమాలు. కొండల్లో యుద్ధం సినిమాలు, ఏటా రెండో మూడో, ఎక్కడ చూసినా పొగ. మనుషులు చాలక పొద్దున జర్మన్ దుస్తులు వేయించేవారు, మధ్యాహ్నం బీన్స్ పులుసు తాగాక టోపీ మార్చి గెరిల్లాను చేసేవారు. ఒక సినిమాలో గెరిల్లా దింకో విసిరిన బాంబుకి జర్మన్ దింకో చచ్చిపోయాడు, ఆ సంగతి కొమిజాలోనే కనిపెట్టారు, ఇంకెవరూ చూడలేదు. మొదటిసారి తెర మీద అతను చచ్చినప్పుడు అమ్మ ఊరి హాల్లో లేచి నిలబడి కెవ్వున అరిచిందట, పక్కనున్నవాళ్ళు నీళ్ళు తాగించారట. నాలుగైదు సినిమాల తర్వాత అల్లిక పని వెంట తీసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. "మావాడు ఇంకాసేపట్లో పోతాడు, ఈ వరస పూర్తిచేసి ఇంటికెళదాం" అనేదట పక్కావిడతో. నవ్వొచ్చింది దింకోకి, అద్దంలో రంగు పూసిన సగం ముందు నవ్వి, పూయని సగం తర్వాత నవ్వినట్టు కనబడింది. ఇవన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయి! పులుసులో ఉడకని బీన్స్ కూడా గుర్తుంది. కెప్టెన్ రెండో అంకం మాటలు ఏవి మరి? తలుపు వేసెయ్యనా. ఉండనీ, గాలే వేస్తుంది. ఆ తర్వాత? ఆ తర్వాత... చొక్కాల గురించి ఏదో. నీలం చొక్కా. కాదు, నీలం చొక్కా మొదటి అంకంలో.

నెవెంకా ఉంటే ఈ గొడవే లేదు. ఏ పాత్ర అయినా వంటింట్లోనే నోటికి వచ్చింది అతనికి. ఆమె బల్ల దగ్గర ఆకుకూర తుంచుతూ, మోకాళ్ళ మీద నాటకం ప్రతి పెట్టుకుని ఎదుటి పాత్రల మాటలన్నీ చదివేది, రాణి అయినా కాపలావాడైనా ఒకే గొంతు, ఏ భావమూ లేకుండా, సంతకు వెళ్ళొచ్చిన కబురు చెబుతున్నట్టు. "నీ కూతురు చచ్చిపోయింది మహారాజా. పొయ్యి మీద బంగాళాదుంపలు చూడు, అడుగంటుతున్నాయి." అతను బంగాళాదుంపలు కలుపుతూ కూతురి కోసం ఏడ్చేవాడు. మాటలు అలా ఒంటికి పట్టేవి, వాసనలతో, ఆవిరితో కలిసి. రంగస్థలం మీద ఎక్కడైనా తడుముకున్నప్పుడు ఆ మాట చెప్పిన రోజు వంటింట్లో ఏం ఉడికిందో తలుచుకునేవాడు, మాట వచ్చేసేది. ఆమె పోయాక టేపులో ఎదుటి పాత్రల మాటలు తనే చదివి పెట్టుకుని చూశాడు. ఖాళీ వంటింట్లో తన ప్రశ్నకు తన గొంతే జవాబు చెబుతుంటే వినలేక కట్టేశాడు. ఈ కెప్టెన్ మాటలకు ఏ వాసనా లేదు. ఏ కాగితంలో చదివాడో ఆ కాగితంలోనే ఉండిపోయాయి. ఏడుపొస్తోందిరా దింకో, అనుకున్నాడు, నిజంగానే ఏడుపొస్తోంది, రంగు పాడవుతుంది, ఆగు.

పిట్టల అరుపు కాస్త పలచబడిందా? లేదు, దక్షిణపు గాలి వాటిని అవతలి గోడ వైపు తోసింది, అంతే. ఈ గాలి వీచినన్నాళ్ళూ ఊళ్ళో అందరికీ తలనొప్పి, అందరికీ దిగులు. దక్షిణపు గాలిలో పెళ్ళిమాటలు మాట్లాడకు, పడవ అమ్మకు, అనేవాడు నాన్న. పురుగు సంగతి మాత్రం ఈ గాలిలోనే తేల్చాలట. పోనీ, ఈ సాయంత్రంతో చాలించుకుంటే ఏం పోతుంది? గొంతు ఉంది, స్టూడియోలో కూర్చుని కాగితం చూసి చదవొచ్చు. పిల్లల కార్టూన్లో ఎప్పుడూ జలుబు చేసే పెలికన్ పక్షి ఉండేది, దానికి గొంతు ఇతనిదే, ట్రాములో "ఒకసారి తుమ్మండి తాతగారూ" అని పిల్లలు వెంటపడేవాళ్ళు. తర్వాత నిజం యుద్ధమే వచ్చిన రోజుల్లో, సైరన్ మోగితే అందరూ నేలమాళిగలోకి దిగిన రాత్రుల్లో, దీపం కూడా లేనప్పుడు, పెలికన్‌లా తుమ్మి తుమ్మి పిల్లలను నవ్వించాడు. పైన ఏదో పడినప్పుడల్లా "చూశారా, నా తుమ్ముకి గోడలు కదిలాయి" అనేవాడు. ఆ చీకట్లో ఎవరూ అతని ముఖం చూడలేదు, చప్పట్లు కొట్టలేదు, ఒక పసిది మాత్రం అతని వేలు పట్టుకుని నిద్రపోయింది. జీవితంలో ఆడిన వాటిల్లో ఏది బాగా ఆడావు అని పత్రికలవాళ్ళు అడిగినప్పుడల్లా ఏదో ఒక రాజు పేరు చెప్పాడు, మనసులో మాత్రం ఆ తుమ్ములే మెదిలేవి. చాలించుకుంటాను. చెప్పేస్తాను లుత్సియాతో. పెద్ద చెట్టు పడేటప్పుడు చప్పుడు చేసుకుంటూ పడకూడదు, పక్కకు తప్పుకుని పడాలి. ఇంటికి పోయి రేడియో పెట్టుకుంటాను.

తలుపు తోసుకుని స్మిల్యా వచ్చింది. తట్టకుండా రావడం ఆమెకు అలవాటు, ఎన్నో ఊళ్ళలో ఎన్నో గదుల్లోకి ఇలాగే వచ్చింది. కెప్టెన్ భార్య వేషంలో ఉంది, నల్లగౌను, బూడిదరంగు శాలువా. రంగస్థలం మీద వీళ్ళిద్దరూ లెక్కలేనన్నిసార్లు ప్రేమించుకున్నారు, పెళ్ళాడారు, విషం పెట్టుకున్నారు. దిగాక ఎవరి బస్సు వాళ్ళదే. దేశమంతా ఏదో ఉందనే అనుకుంది, నెవెంకా ఒక్కతే అనుకోలేదు, స్మిల్యా పుట్టినరోజుకి కేకు తనే చేసి పంపేది.

"సగం ముఖంతోనే ఆడతావా ఇవాళ?" అంది, స్టూలు లాక్కుని సరిగ్గా అతని ఎదురుగా, దీపం వెలుగు అతని ముఖం మీద పడేలా కూర్చుంటూ.

"ఆడటం లేదు. లుత్సియాకి చెప్పబోతున్నా."

"తెలుసు. నిన్నటి నుంచీ నీ మూతి చూస్తూనే ఉన్నా."

"నిన్న ఎందుకొచ్చావు నా వెంట?" అడిగేశాడు. "ముసలాడు దారి తప్పాడు, పాపం, చెయ్యి పట్టుకుందామనా? ఆపెయ్యొచ్చుగా. దింకో, ఇది ఆ నాటకం కాదు అని ఒక్క మాట అనొచ్చుగా!"

గౌను మీద లేని నలకలు దులిపింది. స్మిల్యా చేతులకు తోచకపోవడం అతను ఎన్నడూ చూడలేదు.

"నాకు వినబడదు దింకో," అంది.

"ఏంటి?"

"చెవులు పోయాయి. రెండు చలికాలాల నుంచి. మిషను పెట్టుకుంటే గాలీ, పిట్టలూ, జనం దగ్గులూ అన్నీ ఒకే మూకుట్లో వేసి వేయించినట్టుంటుంది, నీ మాట మాత్రం దొరకదు. అందుకని తీసేసి నీ పెదాలు చూసి ఆడుతున్నా. నిన్న నీ పెదాలు కిటికీ తీసి ఉంచు అన్నాయి. నా నోరు చెప్పులు పట్టుకుని రా అంది. అది ఏ నాటకమో నాక్కూడా తట్టలేదు. నువ్వు ఎగరబోయి మోకాలు పట్టుకున్నావు చూడు, అప్పుడు తెలిసింది. మరి నేను జాలిపడటమా, నీ బొంద."

దింకో లెక్కేసుకున్నాడు. రెండు చలికాలాలు. ఈ మధ్య ఆమె అతన్ని కన్నార్పకుండా చూస్తుంటే, వయసు మీద పడ్డాక నా నటన ఇంకా పదునెక్కిందేమో, స్మిల్యా లాంటిది కూడా చూపు తిప్పుకోలేకపోతోంది, అని మురిసిపోయాడు. పెదాలు చదువుకుంటోందా! సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ రెండింటి కింద ఇంకేదో, పేరు పెట్టలేని తేలిక. దారి తప్పింది ఒక్కడే కాదు. నిన్న ఆ కాసేపూ ఇద్దరూ కలిసే ఆ పాత వీధిలో తిరిగారు, ఇద్దరికీ నిజంగానే పడుచుదనం వచ్చింది, ఎవరూ ఎవరికీ దానం చెయ్యలేదు.

"లుత్సియాకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. తెలిస్తే రేపే ఇంకొకత్తెకి శాలువా కప్పుతారు. నీకూ చెప్పేదాన్ని కాదు." ఆమె గొంతు తగ్గించింది, ఎంత తగ్గించాలో తెలియక మరీ తగ్గించింది, అతను ముందుకు వంగాల్సి వచ్చింది. "చివర్లో సముద్రం మాటలున్నాయి చూడు నీకు. జనం వైపు తిరిగి అంతసేపు మాట్లాడతావు, నేను వెనక పెట్టె మీద కూర్చుని ఉంటా. నీ ముఖం కనబడదు. నీ కుడిభుజం చూస్తుంటా. మాట పూర్తయితే నీ భుజం కాస్త దిగుతుంది, అప్పుడు నేనందుకుంటా. ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చా. కానీ ఈ మధ్య మాట మరిచినప్పుడు కూడా నీ భుజం అలాగే దిగుతోంది. నీకు తెలీదు. మొన్న రెండుసార్లు నీ మాట మధ్యలో అడ్డం వచ్చేశా. లుత్సియా నావైపు చూసిన చూపు నువ్వు చూడలేదు."

దింకో చూడలేదు. ఆ రోజు ఆమె తొందరపడిందని విసుక్కున్నాడు కూడా, మనసులో.

"నువ్వు ఇంటికెళ్ళిపోతే నా సంగతీ ఇవాళ్టితో సరి. ఆడి, మధ్యలో ఆగిపోతే మాత్రం నేను చీకట్లో గోడ తడుముకుంటున్నట్టే," అంది స్మిల్యా. "ఆ పురుగు పెట్టుకో. నీకోసం కాదులే, నీ పరువు నువ్వు ఊరేసుకో. నాకోసం పెట్టుకో."

ఇంత సూటిగా ఆమె అతన్ని ఎన్నడూ ఏదీ అడగలేదు. ఒకసారి మాత్రం, బస్సులో, పక్కసీటు మీద నీ కోటు తియ్యి, కూర్చుంటా, అని అడిగింది. దింకో అద్దం వైపు తిరిగి మిగతా సగం ముఖానికి గబగబా రంగు పూసుకున్నాడు. తర్వాత పెట్టె తీసి, దూది మీదనుంచి ఆ గింజను గోటితో ఎత్తి, చెవిలో పెట్టుకున్నాడు. చల్లగా తగిలింది, చక్కిలిగింత పెట్టి లోపల సర్దుకుంది. ఇంతేనా, అనుకున్నాడు. ఇంత చిన్నదాన్నా రాత్రంతా కొండలా మోశాను. "మాస్టారూ?" అంది లుత్సియా గొంతు, పుర్రె లోపలి నుంచి, ఊపిరి సడితో సహా. "వింటున్నారా? ఒకసారి దగ్గండి." గోడ వెనక్కి వినబడేలా దగ్గాడు. అవతల ఆ పిల్ల ముక్కు చీదుకున్న చప్పుడు కూడా వినబడింది. ఏడుస్తోందేమో, వెర్రిది.

స్మిల్యా కిటికీ వైపు వేలు చూపించి, ఏమైంది అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. దింకో విన్నాడు. ఏమీ లేదు. చౌకు మీద ఒక్క పిట్ట కూడా లేదు. "పడుకున్నాయి," అన్నాడు, పెదాలు విడదీసి, స్పష్టంగా. ఇద్దరూ లేచారు.

మొదటి అంకం నీళ్ళలా సాగింది. నీలం చొక్కా దాని చోట అది వచ్చింది. రెండో అంకంలో తలుపు దగ్గర గాలే వేస్తుంది అన్నాడు, గాలి నిజంగానే తలుపుని కదిపింది, జనంలో ఎవరో చిన్నగా నవ్వారు. చొక్కాల దగ్గర ఒకసారి, ఓడ పేరు దగ్గర ఒకసారి లుత్సియా అందించింది, అతను తీసుకున్నాడు, ఆకాశమేమీ ఊడిపడలేదు. తర్వాత కెప్టెన్ లేచి రంగస్థలం అంచుకు వచ్చే ఘట్టం. ఎదురుగా సముద్రం. అంటే నాలుగువందల మంది జనం, వాళ్ళ చేతుల్లో విసనకర్రలు, మొదటి వరసలో హోటలాయన, భార్యతో, తెల్లచొక్కాతో. మొదటి మాట అన్నాడు, రెండోది అన్నాడు, మూడోది రాలేదు. రాలేదు గానీ భయం కూడా రాలేదు. కుడిభుజం గుర్తొచ్చింది. అది దిగబోతోంది, దిగనివ్వకుండా పట్టి ఉంచాడు, రాయి మోస్తున్నట్టు నొప్పెట్టింది. లుత్సియా చెవిలో మాట అందించింది, నెమ్మదిగా, ఒక్కో ముక్కే. అతను అది పలకలేదు. రంగస్థలం మీద పాపాలన్నిటిలోకీ పెద్దది జనానికి వీపు చూపించడం, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు బల్ల గుద్ది ఆ మాటే చెప్పాడు, ఒకరిద్దరిని క్లాసులోంచి గెంటాడు కూడా. ఆ నాలుగువందల మందికీ వీపు చూపించి అతను వెనక్కి తిరిగాడు.

స్మిల్యా పెట్టె మీద కూర్చుని ఉంది, ఒళ్ళో మడతపెట్టిన చొక్కా. ఆమె కళ్ళు అతని భుజం మీద ఉన్నాయి, అతను తిరిగేసరికి ముఖం మీదికి వచ్చాయి, అక్కడే ఆగాయి. దీపం వెలుగు తన ముఖం మీద పడేదాకా దింకో రెండడుగులు ముందుకు వేశాడు. "మాస్టారూ," అంది చెవిలో లుత్సియా, కంగారుగా, "సముద్రం అటు కాదు, ఇటు. జనం వైపు తిరగండి. మాస్టారూ, మీ ముఖం ఎవరికీ కనబడటం లేదు!"

కనబడుతోంది, అనుకున్నాడు దింకో. సముద్రం గురించిన ఆ పొడుగాటి మాటలన్నీ, చెవిలో పడినవి పడినట్టు, ఒక్కొక్కటీ పెదాల మీద నిలబెట్టి, ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు.